ఖాళీ గడిలో ఎవరున్నారు?

(ఇబ్రహీంపట్నంలో దళిత యువకుల సమావేశంలో చేసిన ప్రసంగం)



మన కుర్రోళ్ళు ఇల్లిల్లూ తిరిగి వాడలో కూలి లెక్క తీశారు. కంప్యూటర్‌లో ఎక్కించారు. సంతోషం. మా నాన్న వేలిముద్ర వేసేవాడు. ఇవాళ మన పిల్లలు పైథాన్ నేర్చి లెక్కలు వేస్తన్నారు. అయితే ఆ లెక్కలో ఒక తప్పు దొర్లింది. చేసిన పిల్లోడు నా శిష్యుడే, కాబట్టి సగం తప్పు నాది.

ఒక వరసలో పదిళ్ళు అనుకుందాం. ఆరిళ్ళవాళ్ళు రోజుకూలి 500 అన్నారు. నాలుగిళ్ళకి తాళం. ఆ గడులు ఖాళీ. పాండాస్ అనే పనిముట్టులో ‘ఫిల్‌ఎన్‌ఏ’ అని ఒక్క మాట కొడితే ఖాళీలన్నీ నిండిపోతాయి. మావాడు సగటు వేసి నింపాడు. పదిళ్ళకీ 500. కాగితం నిండుగా, చూడ్డానికి బాగుంది.

తాళం ఎందుకుంది? ఇక్కడ పని దొరక్క పిల్లాజెల్లాతో మిరపకాయ కోతలకి పోయారు. వాళ్ళకి గిట్టేది 300 అనుకోండి. అసలు సగటు 420. అంటే అందరికంటే పేదోళ్ళకి కాగితం మీద రోజుకి 200 ఎక్కువ ఇచ్చాం! పోనీ ఆ ఇళ్ళు తీసేద్దామా? పదిళ్ళ వాడ ఆరిళ్ళ వాడ అవుతుంది. సున్నా వేద్దామా? తెలియకపోవడం వేరు, లేకపోవడం వేరు.

ఎక్కువమంది చెప్పిందే ఖాళీలో రాసే పద్ధతి ఇంకోటుంది. ఇది కులం దగ్గర మరీ ప్రమాదం. 30 మాల ఇళ్ళు, 12 మాదిగ ఇళ్ళు, 6 ఖాళీలు ఉంటే ఆ ఆరూ మాల అయిపోతాయి. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షత వహించిన సభలో మనోళ్ళు ఆది ఆంధ్రులమన్నారు. ఆత్మగౌరవంతో పెట్టుకున్న పేరది. ఆ పేరు రాయించుకున్నోళ్ళది ఏ పల్లెయో కంప్యూటర్ ఎట్లా చెప్తుంది? 2025లో మన రాష్ట్రంలో రెల్లి గ్రూపుకి 1, మాదిగ గ్రూపుకి 6.5, మాల గ్రూపుకి 7.5 శాతం అన్నారు. 2027 జనగణనలో కులం లెక్కా ఉంటుందన్నారు. ఇట్లాంటప్పుడు ఎవరి కులం వాళ్ళు చెప్పిందే రాయాలి. మన ఊహ అక్కర్లేదు.

అసలు నింపడమే తప్పని నేననను. అమెరికాలో 2000 జనగణనప్పుడు జవాబు రాని ఇళ్ళకి దగ్గరి ఇంటి వివరాలు చూసి మనుషుల్ని లెక్కేశారు. అట్లా నింపకపోతే యూటా రాష్ట్రానికి దక్కే సీటు నార్త్ కరోలినాకి పోయింది. 2002లో అక్కడి సుప్రీంకోర్టు ఆ పద్ధతి చెల్లుతుందంది. కానీ నింపినవి ఎన్నో విడిగా లెక్కుంది గనకే యూటా వాళ్ళు కోర్టులో కొట్లాడగలిగారు.

మనమూ పక్కన ఇంకో కాలమ్ పెడదాం. అడిగి రాసిందా, ఊహించి రాసిందా? ఖాళీ ఎందుకో కూడా రాయండి: తాళం, చెప్పలేదు, మనమే అడగలేదు. మూడోదే ఎక్కువుంటుంది, మొహమాటపడకండి.

కోతలయ్యాక ఆ నాలుగిళ్ళోళ్ళు వస్తారు. పుస్తకం పట్టుకుని నేనూ వస్తాను.