సున్నపు వేడి నేర్పే పాఠం

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగం పాఠం)



డెబ్బై అయిదేళ్ల పండుగ వేళ భవనాలను గూర్చి, ఉత్తీర్ణతను గూర్చి ముచ్చటించుకోవడం సహజం. తరగతి గదిలో విజ్ఞానశాస్త్ర బోధన ఏ తీరున సాగవలెననే విషయం కూడ ఈ వేళ ఆలోచింపదగినదే. ఉష్ణమోచక చర్య అనగానేమి అనే ప్రశ్నకు నిర్వచనం వ్రాసి పూర్తి మార్కులు పొందే విద్యార్థులు అనేకులు. ఆ వేడి ఎక్కడినుండి వచ్చింది, ఎక్కడికి పోయింది, దానిచేత ఏ పని చేయించవచ్చునని అడిగినప్పుడు మాత్రం వారిలో పలువురు మౌనం వహిస్తారు. ఆ మౌనాన్ని తొలగించే బోధనే నిజమైన విజ్ఞాన బోధన.

ఇందుకు సున్నం చక్కని ఉదాహరణ. ముంబయిలోని కామాఠీపురకు ఆ పేరు తెలుగు నేల నుండి తరలివచ్చి కట్టడపు పనులలో స్థిరపడిన కామాఠీల వల్ల కలిగినది. సిమెంటు వ్యాప్తిలోకి రాకముందు తాపీపనివారికి గానుగ సున్నమే ఆధారం. తరతరాలుగా వారి చేతికి తెలిసిన ఆ విద్యలో రసాయనశాస్త్రం ఇమిడి ఉంది.

సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వద్ద కాల్చినప్పుడు కార్బన్ డయాక్సైడ్ వెలువడి పొడిసున్నం మిగులుతుంది. శుద్ధమైన రాయి 100 కిలోలు పూర్తిగా కాలితే 56 కిలోల పొడిసున్నం వస్తుంది. ఇది ఉష్ణగ్రాహక చర్య. బట్టీ ఇచ్చిన వేడిలో కొంత భాగం పొడిసున్నంలో రసాయన శక్తిగా నిలిచి ఉంటుంది. దానిపై నీరు పోయగానే బుసబుస పొంగి, ఆవిరి చిమ్మి, తడిసున్నమవుతుంది. దాగిన శక్తిలో కొంత అప్పుడు వేడిగా బయటపడుతుంది. మిగిలినది, గోడలోని సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను గ్రహించి మరల రాయిగా గట్టిపడేటప్పుడు, చేతికి తెలియనంత నెమ్మదిగా వెలువడుతుంది.

ఇంతవరకు రసాయన చర్య. ఇక్కడినుండి పాఠం ఉష్ణప్రసారంలోకి నడవాలి. నిప్పు లేకుండ 100 గ్రాముల నీటిని 20 డిగ్రీలు వేడిచేసే పాత్రను రూపొందించవలసిందిగా విద్యార్థులను కోరితే, వారు ముందుగా లెక్క వేయాలి. ఒక గ్రాము నీరు ఒక డిగ్రీ వేడెక్కుటకు 4.18 జౌళ్లు కావాలి కనుక మొత్తం అవసరం 8,360 జౌళ్లు. ఒక గ్రాము శుద్ధమైన పొడిసున్నం నీటితో కలిసినప్పుడు సుమారు 1,160 జౌళ్ల వేడి ఇస్తుంది. కాగితంపై ఏడు గ్రాములకు కొంచెం మించితే చాలును. ప్రయోగంలో మాత్రం ఉష్ణమాపకం 20 డిగ్రీలు పైకి పోదు. పాఠానికి ఆయువుపట్టు ఈ తేడాయే. తక్కిన వేడి ఏమైనది?

కొంత వేడిని తడిసున్నమే ఉంచుకున్నది. కొంత వహనం వల్ల డబ్బా గోడలకు, బల్లకు చేరింది. కొంత సంవహనం వల్ల గాలితో పైకి పోయింది, మరికొంత ఆవిరితో వెళ్లింది. ఇంకొంత వికిరణంగా నలుదెసలకు పోయింది. జేమ్స్ డ్యూయర్ 1892లో రూపొందించిన శూన్యపు ఫ్లాస్కులో ఈ మార్గాలకు వేర్వేరు అడ్డుకట్టలు కనిపిస్తాయి. రెండు గోడల నడుమ శూన్యం వహన సంవహనాలను అరికడుతుంది. వెండిపూత వికిరణాన్ని తగ్గిస్తుంది. పిల్లలకు అంతటి సామగ్రి అక్కరలేదు. వేడి త్వరగా అందుటకు లోపల పలుచని లోహపు గిన్నె, వేడి పోకుండుటకు చుట్టూ ఊక లేక కొబ్బరిపీచు, పైన మూత ఉంటే చాలును. పీచు నడుమ చిక్కిన గాలి కదలలేదు కనుక వేడి తప్పించుకొనుట కష్టమవుతుంది.

ఇంజనీరింగ్ రూపకల్పన అనే పెద్ద పేరు గల పని ఇదియే. అవసరమేమిటి, హద్దులేమిటి అని నిర్ణయించుకొని, నమూనా తయారుచేసి, కొలిచి, సవరించాలి. ఒకసారి ఒక అంశాన్నే మార్చాలి. ఊకకు బదులు పీచు వేసిననాడు మూతను మార్చరాదు. లేనిచో ఫలితానికి కారణమేదో తేలదు. అనుకున్నంత వేడెక్కని నమూనా కొలతలను కూడ పట్టికలో వ్రాసిన విద్యార్థికి మార్కులు తగ్గించరాదు.

ఒక హెచ్చరిక తప్పనిసరి. పొడిసున్నం కంటిలో పడితే చూపుకే ప్రమాదం. కనుక ఆ ప్రయోగాన్ని కళ్లద్దాలు, చేతితొడుగులు ధరించిన ఉపాధ్యాయులే, పిల్లలను దూరంగా ఉంచి చేసి చూపాలి. పిల్లల చేతికి వెనిగర్‌లో నానబెట్టి పిండిన ఇనుపపీచు ఇవ్వవచ్చు. దానిని ఉష్ణమాపకంతోపాటు మూతగల పాత్రలో ఉంచితే, తుప్పు పట్టేటప్పుడు కొన్ని డిగ్రీల వేడి కనిపిస్తుంది. వంటసోడాలో వెనిగర్ పోస్తే ద్రవం చల్లబడుతుంది. ఉష్ణమోచక, ఉష్ణగ్రాహక చర్యలు రెండూ ఒకే బల్లపై తెలిసిపోతాయి.

పై చదువులలో భాష మారుతుంది కదా, తెలుగులో నేర్చిన సైన్సు అక్కరకు వచ్చునా అని తల్లిదండ్రులు సందేహించడం న్యాయమే. ఉష్ణమోచకమనే మాటలోనే వేడిని విడిచిపెట్టునదనే అర్థం ఉంది. ఆ అర్థాన్ని కంటితో చూచి, ఉష్ణమాపకంతో కొలిచి గ్రహించిన విద్యార్థి రేపు కళాశాలలో ఒక కొత్త పేరు నేర్చుకుంటే సరిపోతుంది. భావాన్ని మరల నేర్చుకోనక్కరలేదు. అర్థం తెలియక కంఠస్థం చేసిన వారికి ఏ భాషలోనైనను కష్టమే.

పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. జూబిలీ కానుకలలో కొన్ని ఉష్ణమాపకాలకు, ఒక మంచి త్రాసుకు, తరగతికి సరిపడ రక్షణ కళ్లద్దాలకు చోటివ్వండి. తాపీపని, యంత్రాల పని, ఇంజనీరింగ్ తెలిసినవారు ఒక్కొక్క శనివారం వచ్చి పిల్లల నమూనాలను పరిశీలించండి. వేడి ఎక్కడికి పోయిందని వారిని అడగండి. జవాబు వెంటనే చెప్పక, వారు కొలిచి తెలుసుకొనే వరకు ఓపికతో వేచి ఉండండి.

స్వస్తి.