కాలు దక్కాలంటే



నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేస్తుంది, కాసేపు నిలబడితే తగ్గుతుంది. "వయసొచ్చింది గదా" అని మనవాళ్లు ఊరుకుంటారు. చక్కెర జబ్బు ఉన్నవారికి, బీడీ, సిగరెట్టు తాగేవారికి ఇది కాలి ధమని పూడుకుపోతున్నదనే సూచన కావచ్చును. పుండు పడి వేళ్లు నల్లబడ్డాక వస్తే కాలు దక్కించడం కష్టం.

పూడిన చోటును దాటించి, వేరే దారిన నెత్తురు పంపడమే బైపాస్. ఆ దారి వేయడానికి ముందు మేము డాప్లర్ అల్ట్రాసౌండ్ పరీక్ష చేస్తాము. సూది లేదు, కోత లేదు. రంగుమందు అక్కరలేదు గనుక మూత్రపిండాలు బలహీనపడ్డవారికీ చేయవచ్చును. జెల్లీ రాసి గజ్జ నుంచి పాదం దాకా చూస్తాము. ధమని సన్నబడిన చోట నెత్తురు జోరుగా దూకుతుంది. పైభాగంకంటే వేగం రెట్టింపైతే, సగమో అంతకు మించో మూసుకున్నదని లెక్క. దిగువన నెత్తురు అందుకునే మంచి ధమని ఉన్నదా, దారి వేయడానికి మీ కాలి సిర పనికొస్తుందా అన్నదీ తెలుస్తుంది. సిర వెడల్పు 3 మిల్లీమీటర్లయినా ఉంటే మేలు.

పొట్టలో గాలి అడ్డొచ్చినా, ధమనిలో సున్నం పేరుకున్నా సరిగా కనపడదు. అప్పుడు సీటీ స్కానో, యాంజియోగ్రామో తప్పదు.

మా మనవి ఒక్కటే. నొప్పి దాచుకోకండి, పొగ మానండి, పుండు పడకముందే రండి.