డాక్టర్ దగ్గర "బాగానే ఉంది సార్" అంటే సరిపోదు

ఈరోజు సీఓపీడీ గురించి మాట్లాడుకుందాం. ఊపిరితిత్తుల్లో గాలి వెళ్లే దారులు సన్నబడిపోయి, పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాని జబ్బు ఇది. సిగరెట్ తాగేవాళ్లకే వస్తుందనుకుంటాం. కానీ ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ముందు వంట చేసిన ఆడవాళ్లకీ వస్తుంది. మా అమ్మ బీడీ, సిగరెట్ ముట్టిన మనిషి కాదు. అయినా వచ్చింది.

ఇది పూర్తిగా నయమయ్యే జబ్బు కాదు, కానీ అదుపులో పెట్టుకోవచ్చు. డాక్టర్ మనల్ని చూసేది పది నిమిషాలు. మిగతా రోజులు ఇంట్లో ఏం జరుగుతోందో మనం చెబితేనే ఆయనకి తెలుస్తుంది.

సమస్య అక్కడే ఉంది. "ఎలా ఉందమ్మా?" అని డాక్టర్ అడిగితే అమ్మ "బాగానే ఉంది సార్" అంటుంది. అబద్ధం కాదండి. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని మెట్లెక్కడమే మానేసింది. ఇంక ఆయాసం ఎక్కడ బయటపడుతుంది? అందుకే మీ ఇంట్లో పెద్దవాళ్లని "ఆయాసం ఉందా?" అని అడక్కండి. "ఆయాసం వల్ల ఏ పనులు మానేశావు?" అని అడగండి. ఆ జవాబు ఫోన్లో రాసుకుని, డాక్టర్‌కి చదివి వినిపించండి. స్పైరోమెట్రీ చేశారా అని కూడా అడగండి. గొట్టంలోకి గట్టిగా ఊదే పరీక్ష అది. ఎక్స్‌రే ఒక్కదానితో సీఓపీడీ అని తేల్చలేరు.

రెండోది, చీటీతో పాటు ఇన్‌హేలర్ కూడా తీసుకెళ్లండి. డాక్టర్ ముందే వాడి చూపించమనండి. స్ప్రే రకమైతే బాగా ఊపి, ఊపిరి వదిలేసి, నొక్కుతూ నెమ్మదిగా లోతుగా పీల్చి, పది సెకన్లు బిగబట్టాలి. క్యాప్సూల్ వేసే పొడి రకమైతే గట్టిగా, వేగంగా పీల్చాలి. తేడా చేస్తే మందు చాలావరకు నోట్లోనే, గొంతులోనే ఆగిపోతుంది. అమ్మకి నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరట్లేదని డాక్టర్ గారి ముందే తెలిసింది. ఆయన మందు మార్చలేదు, డోసు పెంచలేదు. స్పేసర్ ఒకటి రాశారు. ఇప్పుడు బట్టలు ఆరేయడానికి డాబా మీదికి తనే వెళ్తోంది, మధ్యలో ఒకసారి ఆగి. ఇన్‌హేలర్‌లో స్టెరాయిడ్ ఉంటే, వాడాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. మరిచిపోకండి.

మూడోది, బాగున్నప్పుడే అడగాల్సిన ప్రశ్న: "ఉన్నట్టుండి ఎక్కువైతే ఏం చెయ్యాలి?" ఆయాసం రోజూ కన్నా పెరిగినా, కఫం ఎక్కువైనా, పచ్చగా మారినా ఏ మందు ఎంత వాడాలి, ఎప్పుడు రావాలి అన్నది కాగితం మీద రాయించుకోండి. ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టండి. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా, మగతగా ఉన్నా ఆలోచించకండి, 108కి ఫోన్ చేయండి.

ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా గురించీ అదే రోజు అడిగేయండి.

మన పెద్దవాళ్లకి డాక్టర్ గారిని విసిగించకూడదన్న మొహమాటం ఎక్కువ. అందుకే ఈసారి చెకప్‌కి మీరూ తోడు వెళ్లండి. వాళ్లు చెప్పకుండా దాచుకునేది మీరు చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.