ఆసుపత్రికి రానివాళ్ళ లెక్క

ఇవాళ ప్రజారోగ్యంలో పట్టా అందుకుంటున్న మీ అందరికీ అభినందనలు.

స్నాతకోత్సవాల్లో కలల గురించి మాట్లాడటం ఆనవాయితీ. నేను మాత్రం ఒక చిన్న గొట్టంలో పట్టే రక్తం గురించి మాట్లాడతాను.

2020 మే నెల గుర్తుందా? రోజూ సాయంత్రం టీవీలో కరోనా కేసుల అంకె చూసేవాళ్ళం. అది పరీక్ష చేయించుకున్నవాళ్ళ లెక్క. జ్వరం వచ్చి తగ్గిపోయినవాళ్ళు, అసలు ఏ లక్షణమూ లేనివాళ్ళు అందులో లేరు. ఆ నెలలోనే భారత వైద్య పరిశోధన మండలి 21 రాష్ట్రాల్లో 70 జిల్లాలు ఎంచుకుని, రక్తంలో యాంటీబాడీలు వెతికే సీరో సర్వే మొదలుపెట్టింది. మన వైపు కృష్ణా, నెల్లూరు, విజయనగరం, నల్గొండ, జనగామ, కామారెడ్డి. జిల్లాకు పది చోట్ల, చోటుకు నలభై మంది పెద్దవాళ్ళ దగ్గర రక్తం తీశారు. మొత్తం 28,000 మంది. వైరస్ సోకిందని తేలింది 0.73 శాతం మందికి. ఇంతేనా అనిపిస్తుంది. కానీ దేశ జనాభాకి కట్టి చూస్తే, బయటపడిన ఒక్కో కేసు వెనక 82 నుంచి 130 మందికి వైరస్ సోకినట్టు తేలింది.

ఇక్కడ కాసేపు ఆగుదాం. వైరస్ సోకని వంద మందిలో ఇద్దరికి పొరపాటున ‘సోకింది’ అని చెప్పే కిట్ మీ చేతిలో ఉందనుకోండి. ఆసుపత్రిలో అది మంచి కిట్టే. అదే 28,000 మంది మీద వాడితే? నిజంగా సోకినవాళ్ళు రెండు వందల పైచిలుకు. తప్పుడు పాజిటివ్‌లు ఐదు వందలు దాటతాయి. నిజం కన్నా అబద్ధమే ఎక్కువ! అందుకే పాజిటివ్ వచ్చిన నమూనాలను వేరే కిట్‌తో మళ్ళీ పరీక్షించారు. ఆ తర్వాతే శాతం కట్టారు. సర్వే నివేదిక ఏది చేతికొచ్చినా ముందు ఈ సంగతి వెతకండి. లేకపోతే మిగతా పేజీలు తిప్పడం దండగ.

2021 జూన్, జులైలో జరిగిన నాలుగో సర్వేలో దేశం మొత్తం మీద 67.6 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి. మధ్యప్రదేశ్‌లో 79 శాతం, కేరళలో 44.4. అప్పట్లో కేసులు ఎక్కువ వస్తున్నాయని కేరళను తిట్టనివాళ్ళు లేరు. వైరస్ ఇంకా తాకనివాళ్ళు అక్కడే ఎక్కువ మిగిలారని ఆ రక్తం చెప్పింది. నా దృష్టిలో అది నిందించాల్సిన విషయం కాదు. అయితే టీకాలు మొదలయ్యాక లెక్క చిక్కుపడింది. కోవిషీల్డ్ వేసుకున్నవారిలో స్పైక్ ప్రొటీన్‌కి మాత్రమే యాంటీబాడీలు వస్తాయి కాబట్టి, సహజంగా సోకినవారిని విడదీయొచ్చు. కోవాగ్జిన్‌లో ఉండేది చంపేసిన మొత్తం వైరస్. అక్కడ ఆ కిటుకు నమ్మకంగా పనిచేయదు.

కరోనా ఒక్కటే కాదు. 2017-18లో డెంగీ మీద జరిగిన సీరో సర్వేలో దక్షిణాదిలో 76.9 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు అది సోకినట్టు తేలింది. దాచిపెట్టిన ఆ సీరంలోనే తర్వాత చికున్‌గున్యా కోసం వెతికితే, దక్షిణాదిలో 43.1 శాతం. ఒకసారి గుచ్చిన సూదితో రెండు జబ్బుల చరిత్ర తెలిసింది.

ఆ సూది ఎవరికి గుచ్చామో వాళ్ళకి ఏం చెప్పాం అన్నదే నన్ను తొలిచే ప్రశ్న. ఆశా కార్యకర్త మొహం చూసి చెయ్యి చాపుతారు జనం, మన కాగితం చూసి కాదు. రేపు మీ జిల్లాలో సర్వేకి అంచనా వేసేటప్పుడు కిట్ల ఖర్చు పక్కనే, ఫలితం చెప్పడానికి మళ్ళీ ఊరికి వెళ్ళే జీపు డీజిల్ ఖర్చూ రాయండి. పై అధికారి కొట్టేస్తే, వచ్చే ఏడు మళ్ళీ రాయండి.