గుట్టు దాచిన ఇంటికి తోడు
(బిలాస్‌పూర్ రైల్వే, తపాలా కార్మికుల సభలో చేసిన ప్రసంగము)



బిడ్డకు జ్వరము వచ్చినచో కాలనీ అంతకు తెలియును. అదే బిడ్డ నెలల తరబడి బడికి పోక, నిద్రపోక, మాట మానివేసినచో తలుపులు మూసుకొందుము. గాలి సోకినదని తాయెత్తు కట్టింతుము. సేందరి మానసిక చికిత్సాలయము మన ఊరి చెంతనే ఉన్నది. ఆ గేటు దాటుటకే కాళ్ళాడవు. ఆ దారిన తన బిడ్డతో ఒకమారు నడచిన తల్లి తోడు రావలెను. తెలుగులో చెప్పుకొన్న బాధను డాక్టరుకు హిందీలో వినిపించువారు కావలెను.

ఇక బదిలీల సంగతి. మానసిక వ్యాధివలన వికలాంగతకు గురైన బిడ్డను ప్రధానముగా సాకుచున్న ఉద్యోగిని సాధారణ బదిలీనుండి మినహాయింపవచ్చునని 2014 జూన్‌లో కేంద్ర ప్రభుత్వము ఉత్తర్వు చేసినది. ‘పరిపాలనా పరిమితులకు లోబడి’ అను మెలిక కలదు. దానితో పేచీ మనము పడుదుము. కాని ధ్రువపత్రము లేనిదే అడుగజాలము. పత్రము తీసుకొన్న గుట్టు రట్టగునని తండ్రి జంకును. తుదకు బిడ్డను వదలి కొత్త స్టేషనులో డ్యూటీకి చేరును. వైద్యము నడుమ ఆగిపోవును.

కావున ప్రతి బ్రాంచిలోను అట్టి తల్లిదండ్రులే ఇద్దరు ఈ పని చేపట్టవలెను. అర్జీ మేము నడిపింతుము. జబ్బు పేరు నోటీసు బోర్డు కెక్కదు, కమిటీలో చర్చకు రాదు. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలి మానస్‌కు, 14416 నంబరుకు, రేయింబవళ్ళు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోనూ మాట్లాడవచ్చును.

సభ ముగిసిన పిదప నేనిచ్చటనే కూర్చుందును. ఒక్కొక్కరుగా రండు.