చేతిలో చలువ లేదనకండి



మొక్క ఏపుగా పెరిగితే "ఆవిడ చెయ్యి మంచిది" అంటాం. ఎండిపోతే ఇల్లాలి చేతినే ఆడిపోసుకుంటాం. అలా మాట పడిన ఒక ఇల్లాలి సంగతి ఈ పూట చెబుతాను.

నెల్లూరుకు తూర్పున, మైపాడు సముద్రతీరానికి పోయే దారిలో ఇందుకూరుపేట ఉంది. మా చెల్లెలు అక్కడ ఇల్లు కట్టుకుంది. ఇంటిముందు రెండు సెంట్ల ఖాళీ జాగా. పట్నంలో డాబా మీద కుండీలతో సరిపెట్టుకున్న మనిషి కదా, ఆశకొద్దీ గులాబీలు, కనకాంబరాలు తెచ్చి నాటింది. నెల తిరక్కుండానే ఆకుల అంచులు మాడాయి. చాలలేదేమోనని మళ్ళీ ఎరువు వేసింది. రెండు పూటలా నీళ్ళు చల్లింది. రెండుసార్లు నాటితే రెండుసార్లూ పోయాయి. డబ్బు పోతే పోయింది. "నీ చేతిలో చలువ లేదమ్మాయ్" అని అత్తగారన్న మాట మాత్రం దానికి ముల్లులా గుచ్చుకుంది. ఆ తర్వాత మొక్క ముట్టుకోవడానికే భయపడేది.

తోటమాలిని పెట్టుకోమన్నారు కొందరు. తోటమాలి తవ్విపోతాడు, మనకేం తెలిసినట్టు? పిల్లలకు లెక్కలు రాకపోతే మాస్టారిని పెడతాం గాని, లెక్కలన్నీ ఆయన చేతే చేయించం గదా! అమెరికాలాంటి చోట్ల ఇలా తోటపని నేర్పేవాళ్ళను గార్డెన్ కోచ్ అంటారు. మన దగ్గర ఆ బోర్డు కట్టినవాళ్ళు అరుదు. ఉద్యానశాఖలో చేసి రిటైరయిన ఒక పెద్దాయనను, వచ్చినప్పుడల్లా ఇంతని మాట్లాడుకొని, చెల్లెలు పిలిపించింది.

ఆయన మొక్కల వంక చూడకుండానే, "అమ్మా, మీ బోరు నీళ్ళలో పప్పు ఉడుకుతుందా? సబ్బు నురగ వస్తుందా?" అనడిగారట.

"లేదండీ, వంటకు నీళ్ళు కొనుక్కుంటున్నాం."

"మీ నోటికి పనికిరాని నీళ్ళు గులాబీకి ఎలా హితవవుతాయమ్మా?"

చూశారా! జవాబు వంటింట్లోనే ఉంది. ఆయన మోటారు పది నిమిషాలు నడిపించి, అవే నీళ్ళతో తొలిచిన సీసా నింపించారు. నాలుగైదు చోట్ల ఆరంగుళాల లోతు మట్టి తీయించి, కలిపి, అరకిలో పరీక్షకు పంపించారు. నీటి ఉప్పును డెసీసైమన్ల లెక్కన కొలుస్తారు. 0.7 లోపయితే దాదాపు ఏ మొక్కకూ బెంగ లేదు. 3 దాటితే తట్టుకునేవి కొన్నే. వీళ్ళది రెండు దాటింది.

మట్టిలో ఉప్పు పెరిగితే తడి ఉన్నా వేరు నీరు పీల్చుకోలేదు. రసాయనిక ఎరువు కూడా ఒక ఉప్పే. వేసినకొద్దీ దాహం పెరుగుతుంది. పైపైన చల్లిన నీళ్ళు ఆవిరై ఉప్పును పైనే వదిలిపోతాయి. అందుకని ఆయన చెప్పినవి ఇవి: ఆకుల మీద చల్లకుండా మొదట్లో, లోతుగా తడిసేలా పెట్టాలి. ఇసుక నేలకు బాగా చివికిన పశువుల ఎరువు కలపాలి. పైన ఎండుటాకులు పరవాలి. కొబ్బరి పొట్టు వాడితే ముందు మంచినీళ్ళతో కడగాలి, దానిలోనూ ఉప్పుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలు నేలలోని ఉప్పును కడిగేస్తాయి గనుక అప్పుడు నాటుకోవాలి. డాబా మీది వాన నీళ్ళు పట్టుకుంటే కుండీలో గులాబీ ముచ్చటా తీరుతుంది. నేలలో మాత్రం గన్నేరు, కాగితంపూలు, బిళ్ళగన్నేరు, సపోటా, కొబ్బరి వేసుకోవాలి. గన్నేరు విషం సుమండీ, పసిపిల్లలకు అందనివ్వకండి.

మీరూ ఇలాంటివారిని పిలిస్తే మూడు సంగతులు గుర్తుంచుకోండి. నీళ్ళూ మట్టీ అడగకుండానే మొక్కల జాబితా రాసిచ్చేవారు వద్దు. నాటేముందు, నెల తర్వాత, వేసవికి ముందు, మూడుసార్లు వస్తే చాలు. పలుగు మాత్రం మీ చేతిలోనే ఉండాలి. చెప్పింది పుస్తకంలో రాసుకోవాలి. ఆయనే మొక్కలు అమ్మేవారయితే కాస్త ఆలోచించండి. కడియం నర్సరీలో గోదావరి తీపినీళ్ళు తాగి పెరిగిన మొక్క ఉప్పునీటికి అలవాటుపడొద్దూ?

ఇప్పుడు అత్తగారి పూజకు గన్నేరు పూలు ఇంట్లోవే. మొన్న ఆవిడే పక్కింటివాళ్ళతో, "మా కోడలిని అడగండి, చెబుతుంది" అన్నారట. చెల్లెలి చెయ్యి ముందూ మంచిదే. తెలియనిదల్లా ఆ ఊరి నీళ్ళ సంగతే.

సెలవు.