బర్గూరు ఓటు, హోసూరు టిక్కెట్టు

ఈ ఉపన్యాసం ఏ పంతులమ్మ పేరిట జరుగుతోందో, ఆమె దగ్గర చదువుకున్న ఆడపిల్లలు ఈ సభలోనే ఎంతోమంది ఉన్నారు. వాళ్లలో ఒక్కరైనా ఎమ్మెల్యే ఎందుకు కాలేదన్నదే ఈరోజు నా ప్రశ్న.

ఆడమనిషి నిలబడితే జనం ఓటెయ్యరనే మాట బర్గూరు, హోసూరు ఉన్న మన జిల్లాలో చెల్లదు. 1991లో జయలలిత బర్గూరులోనూ కాంగేయంలోనూ గెలిచి, బర్గూరునే ఉంచుకుని తొలిసారి ముఖ్యమంత్రి అయ్యారు. తొరపల్లిలో పుట్టిన రాజాజీ తర్వాత ఈ మట్టితో ముడిపడిన ముఖ్యమంత్రి ఆమె. 1996లో అదే బర్గూరు ఆమెను డీఎంకే అభ్యర్థి సుగవనం చేతిలో ఓడించింది. మగ ముఖ్యమంత్రినైతే ఎలా తూచేవాళ్లో ఆమెనూ అలాగే తూచారు. ఊత్తంగరై ఎస్సీ రిజర్వుడు స్థానం. అక్కడి జనం 2011లోనూ 2016లోనూ మనోరంజితం నాగరాజ్‌ను గెలిపించారు. ఓటరు తన పని తాను చేశాడు.

అయినా 2021లో మన జిల్లాలోని ఆరు స్థానాల్లోనూ మగవాళ్లే గెలిచారు. రాష్ట్రం మొత్తం మీద 234 మందిలో ఆడవాళ్లు 12 మంది. హోసూరు నుంచైతే తొలి సార్వత్రిక ఎన్నికల నాటి నుంచి 2021 దాకా ఒక్క మహిళ కూడా శాసనసభకు వెళ్లలేదు. తెలుగు రాష్ట్రమైన తెలంగాణ ఏమైనా మెరుగా అంటే, 2014లో ఏర్పడిన ఆ రాష్ట్రపు తొలి మంత్రివర్గంలో ఒక్క మహిళా లేదు. 2019 దాకా అదే తీరు.

పెద్ద పార్టీ ఒకటి హోసూరులో ఆడమనిషికి టిక్కెట్టు ఇవ్వకపోలేదు. ఎప్పుడిచ్చిందో చూడండి. 2019లో ఇక్కడి ఎమ్మెల్యే బాలకృష్ణారెడ్డి ఒక కేసులో శిక్ష పడి పదవి పోగొట్టుకున్నారు. ఉప ఎన్నికలో అన్నాడీఎంకే ఆయన భార్య జ్యోతిని నిలబెట్టింది. 2021లోనూ ఆమెకే ఇచ్చింది. రెండుసార్లూ ఓడారు. ఆమెను నేను తప్పుపట్టను. మగవాడికి దారి మూసుకుపోయినప్పుడే ఆ ఇంటి ఆడమనిషి గుర్తొచ్చే పద్ధతినే తప్పుపడుతున్నాను. ఏళ్ల తరబడి జెండా మోసిన కార్యకర్తలు ఆ రోజు ఎవరికీ గుర్తుకు రాలేదు.

ఎందుకు గుర్తుకు రారో చెబుతాను. పార్టీలో చేరిన మహిళను నేరుగా ‘మగళిర్ అణి’లో, అంటే మహిళా విభాగంలో, కూర్చోబెడతారు. నాయకుడొస్తే హారతి పళ్లెం ఆమెది. అభ్యర్థుల పేర్లు పైకి పంపేది ఒండ్రియ (యూనియన్) కార్యదర్శి, జిల్లా కార్యదర్శి. ఆ కుర్చీల్లో దాదాపు ఎప్పుడూ మగవాళ్లే. మంతనాలు జరిగేది రాత్రి తొమ్మిది తర్వాత. సూళగిరి, దేన్కనికోట పల్లెల నుంచి కంపెనీ బస్సెక్కి షిఫ్టుకెళ్లే ఆడపిల్ల ఆ వేళకు అక్కడ ఎలా ఉంటుంది? పైగా ఎన్నికల ఖర్చు ఎవరు పెట్టుకుంటారని అడుగుతారు. భూమి ఆమె పేరున ఉండదు. అయినా పార్టీ తలచుకుంటే టిక్కెట్టు ఇవ్వలేకపోదు. 2021లో నామ్ తమిళర్ కట్చి 234 స్థానాల్లో సగం, అంటే 117, ఆడవాళ్లకిచ్చింది. గెలిచే అవకాశం ఉన్న పార్టీలు ఆ పని చెయ్యవు.

స్థానిక సంస్థల్లో చట్టమే తలుపు తీసింది. తమిళనాడులో 2016లో ఆడవాళ్లకు సగం స్థానాలు వచ్చాయి. అదే ఏడాది అక్టోబరులో జరగాల్సిన పంచాయతీ ఎన్నికలు 2019 డిసెంబరు దాకా జరగలేదు. ఆ పాలకవర్గాల గడువు 2025 జనవరిలో ముగిస్తే, పంచాయతీలు మళ్లీ ప్రత్యేకాధికారుల చేతికి వెళ్లాయి. ఎన్నికలు ఆగిన ప్రతిసారీ మొదట నష్టపోయేది ఆ సగమే. మగ నాయకుడికి పదవి పోయినా పార్టీ ఉంటుంది, ఆమెకు పంచాయతీ తప్ప వేరే మెట్టు లేదు.

గెలిచి కుర్చీలో కూర్చున్నాక సంగతి మరోటి. పంచాయతీ చెక్కు మీద ప్రెసిడెంటు సంతకం ఒక్కటే చాలదు, వైస్ ప్రెసిడెంటు సంతకమూ కావాలి. ఆయన ఊళ్లో పెత్తనమున్న మగవాడైతే, సంతకం పెట్టకుండా నెలలు నానబెడితే, బోరు మోటారు రిపేరుకు కూడా ఆమె ఆయన గుమ్మం ఎక్కాలి. మన తెలుగు ఆడవాళ్లకు ఇంకో చిక్కుంది. కుప్పం నుంచో మాలూరు నుంచో కోడలిగా వచ్చిన అమ్మాయి తెలుగో కన్నడమో చదువుకుని ఉంటుంది. పంచాయతీ రికార్డంతా తమిళం. ఫైలు చదివి చెప్పమని భర్త చేతికిస్తుంది. అలా ఇచ్చిన ఫైలు ఇక తిరిగి రాదు. ఊరంతా ఆయన్నే ‘తలైవరే’ (అధ్యక్షా) అని పిలవడం మొదలుపెడుతుంది. మూడు నెలలు తమిళం నేర్పితే తీరే కష్టమిది. దాని కోసం ఒక ఆడమనిషి అధికారం ఐదేళ్లూ పోతోందంటే నాకు కడుపు మండుతుంది.

శాసనసభలో ఆడవాళ్లకు మూడో వంతు స్థానాలు ఇస్తామంటూ 2023లో పార్లమెంటు చట్టం చేసింది, దాన్ని జనగణనకూ నియోజకవర్గాల పునర్విభజనకూ ముడిపెట్టింది. అందాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. రిజర్వేషన్ లేని సీటంటే మగవాళ్ల సీటేనని అన్ని పార్టీలూ అనుకుంటున్నాయి. 2022లో హోసూరు నగరపాలక సంస్థకు, 45 వార్డులకు, తొలి ఎన్నికలు జరిగినప్పుడు మేయరు పదవికి మహిళా రిజర్వేషన్ లేదు, పదవి మగవారికే వెళ్లింది. ఈ సభలో అన్ని పార్టీలవాళ్లూ ఉన్నారు. వచ్చే ఎన్నికలకు పేర్లు పైకి పంపేటప్పుడు రిజర్వేషన్ లేని వార్డుల్లో కూడా ఆడవాళ్ల పేర్లు రాయండి. రాయకపోతే, అమ్మలారా, పార్టీ ఆఫీసుకు వెళ్లి ఎందుకు రాయలేదో అడగండి.